కరువు ఏట ఎంత పండుతుంది?

కొత్త పప్పుశనగ రకం గురించి వచ్చే కరపత్రంలో అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండేది ఒకే అంకె: ఎకరాకు ఇన్ని క్వింటాళ్లు. కింద పంటకాలం, గింజ లావు, ఎండు తెగులును తట్టుకుంటుందా లేదా అనే వివరాలు ఉంటాయి. ఆలూరు చుట్టుపక్కల సేద్యం చేసినవాళ్లు ఎవరైనా ఆ అంకె చూడగానే రెండు ప్రశ్నలు వేస్తారు. అది ఎలాంటి భూమిలో పండింది? ఏ సంవత్సరం పండింది? పంటల శాస్త్రవేత్తలు, గణాంక నిపుణులు తొంభై ఏళ్లకు దగ్గరగా తలలు పట్టుకుని కూర్చున్నది సరిగ్గా ఈ రెండు ప్రశ్నల దగ్గరే. ఒక రకం బాగా పండుతుందా అన్నది వాళ్లకు సులువైన ప్రశ్న. అది నిలకడగా పండుతుందా, చేను మారినా కాలం మారినా మాట నిలబెట్టుకుంటుందా అన్నది కష్టమైన ప్రశ్న.

ప్రపంచంలో ఈ పని ఎక్కువగా గోధుమ, బార్లీల మీద జరిగింది. ఐరోపాలో ఆకురాలే కాలంలో విత్తే శీతాకాలపు గోధుమకు మొలిచిన తర్వాత కొన్ని వారాలపాటు గట్టి చలి తగలాలి. తగలకపోతే వెన్ను వేయదు. అంత చలి ఆలూరుకు ఏనాడూ రాదు కాబట్టి ఆ గోధుమ ఇక్కడ పండదు. ఇక్కడ చలికాలపు పంట అంటే హింగారిలో వేసే పప్పుశనగ, తెల్ల జొన్న. పంట వేరైనా లెక్క ఒకటే, పైగా ఇక్కడ ఆ లెక్క తప్పితే జరిగే నష్టం చాలా పెద్దది.

ఆలూరు, హాలహర్వి, హొళగుంద, ఆస్పరి, చిప్పగిరి, దేవనకొండ. కర్నూలు జిల్లా పడమటి కొసన ఉన్న ఈ మండలాలను వ్యవసాయ శాఖ పటంలో 'తక్కువ వర్షపాత మండలం'లో చూపిస్తారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు ఆలూరు తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. పక్కనే పారే వేదవతిని ఇక్కడివాళ్లు హగరి అంటారు. అదే పేరున్న ఊళ్లో, బళ్లారి వైపున, 1930లలో మెట్ట సేద్యం మీద పరిశోధన మొదలైంది. షోలాపూర్, బిజాపూర్, రాయచూరు, రోహ్‌తక్‌లతో పాటు దేశంలో అందుకోసం మొదట ఎంచుకున్న ఐదు చోట్లలో హగరి ఒకటి. వాన మీద నమ్మకం లేని నేలలో పంట ఎలా నిలబెట్టాలి అన్న ప్రశ్న ఈ ప్రాంతానికి కొత్త కాదన్నమాట.

ఇక్కడి నేల కూడా ఒక్క తీరుగా ఉండదు. ఒక చేలో మనిషి లోతు నల్లరేగడి. గట్టు దాటితే రెండడుగులకే గరుసు తగిలే పలచటి రేగడి. ఇంకొంచెం మెరక ఎక్కితే ఎర్రనేల. లోతైన రేగడి ఒక మీటరు పైచిలుకు మందంలో మొక్కకు అందే నీరు 150 నుంచి 200 మిల్లీమీటర్ల దాకా పట్టి ఉంచుతుంది. పలచటి నేల అందులో సగం కూడా పట్టదు. పప్పుశనగ బతికేది ఆ నీటి మీదే. చిత్త, స్వాతి కార్తెల్లో పదును చూసి విత్తితే, ఆ తర్వాత ఒకటి రెండు జల్లులు పడితే పడతాయి, లేకపోతే లేదు. పై నుంచి చుక్క పడకపోయినా జనవరి చివరికి కాయ గట్టిపడాలి. కనుక ఒకే సంచి విత్తనం పంచుకుని ఒకే రోజు విత్తిన ఇద్దరు రైతులకు దిగుబడిలో రెండు మూడింతల తేడా రావడం ఇక్కడ వింత కాదు.

కాలం సంగతి అంతకన్నా అన్యాయం. 2009లో అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి కర్నూలు పట్టణం మునిగింది. 2018లో ఈశాన్య రుతుపవనాలు ముఖం చాటేస్తే రాయలసీమ హింగారి పంట ఎండిపోయింది. ఈ రెండూ ఒకే జిల్లాలో, ఒకే రుతువులో, తొమ్మిదేళ్ల ఎడంతో జరిగాయి. వీటి సగటు తీసి 'మామూలు సంవత్సరం' అని ఒకదాన్ని ఊహించుకోవచ్చు. ఆ సంవత్సరం మాత్రం ఎప్పుడూ రాదు.

శాస్త్రవేత్తలు దీన్ని ఎలా కొలుస్తారో చూద్దాం. కొత్త రకాన్ని ఒక్క చోట పరీక్షించరు. అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం కింద దక్షిణ మండలంలో నంద్యాల, గుంటూరు దగ్గర లాం, కర్ణాటకలో ధార్వాడ, కలబురగి వంటి కేంద్రాల్లో అవే రకాలను పక్కపక్కన వేసి, పోలికకు ఒక పాత రకాన్ని కూడా పెట్టి, వరుసగా కొన్నేళ్లు తూస్తారు. రాష్ట్ర స్థాయిలో విడుదలకు ముందు రెండు మూడేళ్లు రైతుల పొలాల్లో చిరుసంచుల (మినికిట్) పరీక్ష కూడా ఉంటుంది. దీని చివర పెద్ద పట్టిక తయారవుతుంది: అడ్డంగా చోట్లు, నిలువుగా రకాలు, గడుల్లో దిగుబడులు. ఆ పట్టికలో అందరూ చూసేది చివరి నిలువు వరుసలో ఉన్న సగటు. అసలు కథ మధ్యలో ఉన్న గడుల్లో ఉంటుంది. ఒక చోట మొదట నిలిచిన రకం ఇంకో చోట నాలుగోది అవుతుంది. ఇలా వరుస తారుమారు కావడమే 'జన్యు పర్యావరణ పరస్పర చర్య'. పేరు బరువైనదే కానీ, విత్తనానికీ చేనుకూ పొత్తు కుదరడం, కుదరకపోవడం అన్నదే దాని అర్థం.

ఆ గడులను ఎలా చదవాలో 1938లో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో యేట్స్, కాక్రన్ ఒక దారి చూపించారు. దాన్ని పాతికేళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1963లో దక్షిణ ఆస్ట్రేలియాలో ఫిన్లే, విల్కిన్సన్ అనే ఇద్దరు 277 బార్లీ రకాలను వానలు తక్కువ పడే చోట్ల కొన్నేళ్లు పండించి, ఆ దారినే మళ్లీ తొక్కారు. వాళ్ల ఆలోచనలోని అందం ఏమిటంటే, ఒక చేను మంచిదా చెడ్డదా అని తేల్చడానికి వాన, ఎండ, నేల లోతు విడివిడిగా కొలవనక్కర్లేదు. ఆ చేలో వేసిన రకాలన్నిటి సగటు దిగుబడి చూస్తే చాలు, అదే ఆ చేను బలానికి కొలత. ఎండ, వాన, తెగులు అన్నీ కలిసి పంట మీద వేసిన ముద్ర అందులోనే ఉంటుంది. ఇక ఒక్కో రకం ఆ కొలతతో పాటు ఎంత వేగంగా పెరుగుతుందో, ఎంత వేగంగా పడిపోతుందో చూడాలి.

ఊహించిన అంకెలతో ఒక లెక్క వేద్దాం. పరీక్షలోని రకాలన్నిటి సగటు బక్క చేలో ఎకరాకు 3 క్వింటాళ్లు, మధ్యరకం చేలో 6, బలమైన చేలో 9 వచ్చిందనుకుందాం. వాటిలో ఒక రకం ఈ మూడు చోట్లా 4, 6, 8 క్వింటాళ్లు ఇచ్చింది. ఇంకో రకం 1.5, 6, 11 ఇచ్చింది. మొదటి దాని సగటు 6. రెండో దాని సగటు 6.2కు దగ్గర. పట్టిక చివరి నిలువు వరుస మాత్రమే చూస్తే రెండోదే గెలిచింది. ఫిన్లే, విల్కిన్సన్ పద్ధతిలో చూస్తే బొమ్మ మారిపోతుంది. చేను బలం ఒక క్వింటాలు పెరిగినప్పుడు మొదటి రకం క్వింటాలులో మూడింట రెండు వంతులే పెరుగుతోంది. రెండోది క్వింటాలున్నర పైనే పెరుగుతోంది, తగ్గేటప్పుడూ అదే వేగంతో తగ్గుతోంది. చేను బలంతో పాటు దిగుబడి మారే తీరును గీతగా గీస్తే, ఈ వేగాన్ని ఆ గీత వాలు అంటారు. వాలు 1 ఉంటే ఆ రకం మందతో పాటు నడుస్తోందని, 1 కన్నా తక్కువైతే చెడ్డ చేనుకు చలించడం లేదని, ఎక్కువైతే మంచి చేనును బాగా వాడుకుంటోందని అర్థం.

ఇప్పుడు ఒక పలచటి రేగడి రైతును తలచుకోండి. పదేళ్లలో తన చేను ఆ బక్క చేనులా పండే బక్క ఏళ్లు ఐదు, మధ్యరకం మూడు, మంచివి రెండు వస్తాయి ఆయనకు. మొదటి రకం పదేళ్లలో ఎకరాకు మొత్తం 54 క్వింటాళ్లు ఇస్తుంది, రెండోది 47.5. పరీక్షలో ఓడిపోయిన రకం ఆయన పొలంలో గెలిచింది. కారణం, పరీక్షలో మూడు చోట్లకూ సమాన విలువ ఇచ్చారు, ఆయన జీవితం అలా ఇవ్వదు. సగటు అనేది ఎవరి సగటో చెప్పకుండా చెబితే అది సగం సమాచారమే. సేద్యం ఖర్చు మూడున్నర క్వింటాళ్ల విలువ ఉందనుకుంటే, మొదటి రకం వేసినవాడు బక్క ఏళ్లలో కూడా అప్పు లేకుండా బయటపడతాడు. రెండో రకం వేసినవాడు అలాంటి ప్రతి ఏడూ రెండు క్వింటాళ్ల లోటు మూటగట్టుకుంటాడు. వరుసగా రెండు బక్క ఏళ్లు వస్తే, మూడో ఏడు రాబోయే 11 క్వింటాళ్ల కోసం ఆగే ఓపిక వడ్డీ వ్యాపారికి ఉండదు. బోరు కింద లోతైన రేగడి ఉన్న రైతుకు ఇదే లెక్క తిరగబడుతుంది, ఆయన రెండో రకం వేయడమే న్యాయం.

అందుకే కరపత్రంలో సగటు దిగుబడి పక్కన అతి తక్కువ పండిన చోటి అంకె కూడా వేయాలని గట్టిగా అడగవలసి ఉంది. ఆ చోట నేల లోతు ఎంత, విత్తాక వాన ఎంత పడింది అన్న రెండు ముక్కలు చేర్చాలి. దీనికి కొత్త ప్రయోగం ఏదీ చేయనక్కర్లేదు. పరీక్ష జరిగిన ప్రతి చోటా తూకం రాసి పెట్టే ఉంటారు.

నిలకడ అన్నంత మాత్రాన అది మంచిదే కావాలని లేదు. ఎక్కడ వేసినా రెండు క్వింటాళ్లే ఇచ్చే రకం కూడా నిలకడైనదే, దాన్ని ఎవరూ కోరుకోరు. వాలు ఒక్కటి చూస్తే సరిపోదని, సగటు దిగుబడి మట్టం కూడా చూడాలని ఫిన్లే, విల్కిన్సన్‌లే చెప్పారు. 1966లో అమెరికాలో మొక్కజొన్న మీద పనిచేసిన ఎబర్‌హార్ట్, రసెల్ మూడో ప్రశ్న చేర్చారు: ఆ రకం తన వాలు మీదే నడుస్తోందా, అప్పుడప్పుడు దాన్ని వదిలి పక్కకు దూకుతోందా? నాకు ఈ మూడో ప్రశ్నే చాలా ముఖ్యమనిపిస్తుంది. వాలు ఎక్కువున్న రకం ఎప్పుడు దెబ్బతింటుందో ముందే ఊహించవచ్చు. గీత దాటి దూకే రకం అలా కాదు. మంచి చేలో, మంచి ఏడులో, అందరికీ పండినప్పుడు అది చతికిలపడుతుంది. చాలాసార్లు దాని వెనక ఒక తెగులు ఉంటుంది.

పప్పుశనగలో ఆ తెగులు ఎండు తెగులు. నేలలో ఏళ్ల తరబడి బతికే ఫ్యుజేరియం శిలీంధ్రం వేరు గుండా లోపలికి పోయి నీటి గొట్టాలను మూసేస్తుంది. పచ్చగా ఉన్న మొక్క వారం తిరగకుండా వడలి వాలిపోతుంది. ఒకప్పుడు ఈ ప్రాంతంలో బాగా నడిచిన అన్నిగెరి రకం రుచికి, పప్పుకు పేరుపొందినా ఈ తెగులు ముందు నిలవలేకపోయింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ, జబల్‌పూర్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి తెచ్చిన జేజీ 11 1999లో విడుదలైంది. ఎండు తెగులును తట్టుకుంటుంది, 95 నుంచి 100 రోజుల్లో కోతకు వస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 ప్రాంతంలో లక్ష హెక్టార్ల పైచిలుకు ఉన్న పప్పుశనగ సాగు పదేళ్లు తిరిగేసరికి ఆరు లక్షల హెక్టార్ల దరిదాపుకు చేరింది, హెక్టారు దిగుబడి రెట్టింపు దాటింది. కర్నూలు నల్లరేగళ్లే ఆ పెరుగుదలకు ముఖ్యమైన చోటు. ఈ విజయంలో జేజీ 11 గొప్ప దిగుబడి కన్నా దాని నిలకడకే ఎక్కువ పాలు ఉందని నా అభిప్రాయం. నమ్మి వేయగలిగిన పంట దొరికింది కాబట్టే రైతులు బీడు పెట్టే రేగళ్లలో కూడా గొర్రు దించారు.

ఒక మొక్క నిలకడగా ఎలా ఉండగలుగుతుంది? పప్పుశనగ విషయంలో మొదటి జవాబు రోజుల్లో ఉంది. నేలలో నీరు అయిపోక ముందే, ఎండ ముదరక ముందే పని ముగించుకున్న మొక్కకు కరువు తగలదు. దీన్ని శాస్త్రంలో కరువును తట్టుకోవడం అనరు, కరువును తప్పించుకోవడం అంటారు. 1989లోనే శ్వేత పేరుతో ఆంధ్రప్రదేశ్‌లో విడుదలైన ఐసీసీవీ 2 అనే కాబూలీ రకం 85 రోజులకే వచ్చేస్తుంది. పొట్టి చలికాలం ఉన్న దక్షిణాదిలో కాబూలీ శనగ పండించవచ్చని చూపించింది అదే. కానీ ప్రతి లాభానికీ ఒక ధర ఉంది. నవంబరులో తుపాను వచ్చి చేను మళ్లీ తడిసిందనుకోండి. తొందరగా ముగిసే రకం ఆ నీటిని పూర్తిగా వాడుకోలేదు, పది రోజులు ఎక్కువ నిలిచే రకం వాడుకుంటుంది. బక్క ఏడును కాపాడే గుణమే మంచి ఏడు చేతులు కట్టేస్తుంది. వాలు తక్కువ ఉండటం అంటే శరీరధర్మం భాషలో ఇదే.

రెండో జవాబు వేరులో ఉంది, ఇది కొంచెం చిక్కుముడి. ఐసీసీ 4958 అనే పాత వంగడానికి వేర్లు త్వరగా, లోతుగా, దట్టంగా పెరుగుతాయి. ఆ గుణానికి కారణమైన జన్యుభాగాన్ని ఇక్రిశాట్ వాళ్లు గుర్తించి, జేజీ 11లోకి ఎక్కించి చూశారు. లోతు వేరు ఉంటే కరువును గెలవవచ్చని అనిపిస్తుంది. అయితే నేల లోతుగా ఉంటేనే లోతు వేరుకు పని. రెండడుగుల కింద గరుసు తగిలే చేలో ఆ వేరు ఎక్కడికి పోతుంది? పైగా అదే పటాన్‌చెరులో జరిగిన ఇంకొన్ని ప్రయోగాల్లో వేరే సంగతి బయటపడింది. పంట చివర్లో వచ్చే కరువును బాగా తట్టుకున్న శనగ వంగడాలు మొదటి నెలల్లో, ఆకు పెరిగే దశలో, నీరు తక్కువ తాగాయి. అలా మిగిల్చుకున్న నీటినే కాయ నిండే దశలో వాడుకున్నాయి. అంటే ఎక్కువ నీరు లాగే మొక్క కన్నా, సమయం చూసి లాగే మొక్క మేలు కావచ్చు. ఏది మేలు అన్నది నేల లోతు మీద, చలికాలం పొడవు మీద ఆధారపడుతుంది. మళ్లీ చేను దగ్గరికే వచ్చాం.

మూడోది సర్దుబాటు. పప్పుశనగ ఒకేసారి పూసి ఆగిపోదు. నీరు, చల్లదనం ఉన్నంతసేపు కొమ్మ చివర పూస్తూనే ఉంటుంది. మొక్కలు పలచబడితే పక్క కొమ్మలు వేస్తుంది, కాయల సంఖ్య పెంచుతుంది. గింజ బరువు మాత్రం అంత తేలిగ్గా మారదు. కష్టం వస్తే కాయలు రాలి, మిగిలిన కాయలు నిండుతాయి. దిగుబడి తగ్గుతుంది కానీ వచ్చిన గింజ బజారులో చెల్లుతుంది. వేడి విషయంలో మాత్రం ఈ సర్దుబాటు సాగదు. పూత దశలో పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి చచ్చుబడి కాయ కట్టదు. ఆలస్యంగా విత్తిన చేనుకు జనవరి చివర, ఫిబ్రవరిలో ఈ గండం ఉంటుంది. అందుకే ఇక్రిశాట్‌లో కావాలనే ఫిబ్రవరిలో శనగ విత్తి, మండుటెండలో ఏది కాయ కడుతుందో చూస్తారు. 2009లో మధ్యప్రదేశ్‌లో విడుదలైన జేజీ 14 వేడిని తట్టుకునే రకం.

ఈ చివరి విషయం పరీక్షల పద్ధతిలోని ఒక బలహీనతను చూపిస్తుంది. మూడేళ్లు పరీక్షించినంత మాత్రాన 2018 లాంటి ఏడు అందులో పడుతుందన్న హామీ లేదు. అందుకే ఏళ్లకు బదులు చోట్లను పెంచుతారు. ఎక్కువ చోట్ల చూస్తే ఎక్కువ రకాల కాలం చూసినట్టే అన్నది నమ్మకం. ఇది కొంత నిజం. అయితే పలచటి నేల నీటి కొరతను చూపించగలదు కానీ, నేలలో నీరు ఉండగానే ముందుగా వచ్చే ఎండను చూపించలేదు. ఇప్పుడు కంప్యూటర్ల సాయంతో ఆ పట్టికలను ఇంకా లోతుగా చదువుతున్నారు. ఏ చోట్లు ఒకేలా ప్రవర్తిస్తున్నాయి, ఏ గుంపులో ఏ రకం గెలుస్తోంది అని బొమ్మ గీసి చూపించే పద్ధతులు వచ్చాయి. అవి ఎంత గొప్పవైనా, పరీక్ష జరగని చోటు గురించి నోరు విప్పలేవు. నంద్యాల పరిశోధన స్థానం 1906 నుంచి ఉంది, దాని సేవ చాలా పెద్దది. కానీ కుందూ లోయలోని నంద్యాల వేరు, అంతకన్నా తక్కువ వాన పడే ఆలూరు వేరు. చిరుసంచులు ఈ పడమటి మండలాల పలచటి నేలల్లోకి ఎన్ని వస్తాయన్నది చిన్న విషయం కాదు.

రకాలను ఎక్కడ ఎంపిక చేయాలి అన్న దాని మీద ప్రపంచంలో పెద్ద వాదన నడిచింది. నార్మన్ బోర్లాగ్ మెక్సికోలో ఒకే ఏడాదిలో రెండు పంటలు తీసి గోధుమను ఎంపిక చేశాడు. ఒకటి సముద్రమట్టానికి కాస్త పైన ఉండే సొనోరాలో, రెండోది 2,600 మీటర్ల ఎత్తున ఉండే తొలూకాలో. రెండు చోట్లా గెలిచినవే ఉంచుకున్నాడు. పగటి పొడవు ఎంతైనా పట్టించుకోని గోధుమలు అలా పుట్టాయి, 1960లలో పంజాబు దాకా వచ్చి ఆకలి తీర్చాయి. ఎక్కడైనా పండే రకం అన్న ఆశయానికి ఆయనే నిదర్శనం. దీనికి ఎదురు నిలిచినవాడు సాల్వతోరె చెకరెల్లి. సిరియాలో అలెప్పో దగ్గరి ఇకార్డా కేంద్రంలో బార్లీ మీద పనిచేస్తూ, సారవంతమైన కేంద్రం పొలాల్లో ఎంపిక చేసిన రకాలు నిజమైన బక్క చేలల్లో ఓడిపోతున్నాయని చూపించాడు. బక్క చేనుకు రకం కావాలంటే బక్క చేలోనే, రైతు కళ్ల ముందే ఎంచాలన్నాడు. ఆలూరు నేలలో నిలబడి చూస్తే ఆయన మాటకే బరువు ఎక్కువనిపిస్తుంది. అయితే మధ్యప్రదేశ్ నుంచి కర్నూలు దాకా నిలిచిన జేజీ 11 బోర్లాగ్ దారికి కూడా సాక్ష్యం చెబుతుంది.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. కొత్త రకాలు ఎరువులు పోస్తేనే పండుతాయని, కష్టకాలంలో పాత రకమే దిక్కని చాలామంది నమ్ముతారు. 2019లో జర్మనీ శాస్త్రవేత్తలు దాదాపు యాభై ఏళ్లలో విడుదలైన 191 శీతాకాలపు గోధుమ రకాలను పక్కపక్కన వేసి చూశారు. ఎరువు, మందు బాగా పడిన చోటే కాదు, తగ్గించిన చోట కూడా కొత్తవే పైన నిలిచాయి. అది గోధుమ, అది జర్మనీ, నిజమే. ఐనా పాతదన్న ఒక్క కారణంతో రకాన్ని నెత్తిన పెట్టుకోవడం సరికాదని అది చెబుతోంది. మరోవైపు 1930లలో షోలాపూర్ దగ్గర మోహోల్‌లో ఎంపిక చేసిన ఎం 35-1 తెల్ల జొన్న ఈనాటికీ హింగారి చేలల్లో కనిపిస్తుంది. దశాబ్దాల పాటు వచ్చిన సంకర జొన్నలు దాన్ని పూర్తిగా తొలగించలేకపోయాయి. కరువు ఏట గింజ తగ్గినా అది చొప్ప ఇస్తుంది. ఎద్దులు, బర్రెలు ఉన్న ఇంటికి మేత కూడా దిగుబడే. గింజను మాత్రమే తూచే పట్టికలో ఈ నిలకడ కనిపించదు.

రకం నిలకడ ఒకటి, చేను నిలకడ ఇంకొకటి. ఆ రెండో దాన్ని కొలిచిన గొప్ప పని మన దగ్గరే జరిగింది. 1980లో ఇక్రిశాట్‌లో ఎం.ఆర్. రావు, ఆర్.డబ్ల్యు. విల్లీ జొన్న, కంది కలిపి వేసిన 94 ప్రయోగాల ఫలితాలను ఒక చోట పెట్టి చూశారు. సగటు సంగతి పక్కన పెట్టి, రైతు కుప్పకూలే ఒక ఆదాయ మట్టం అనుకుని, ఏ పద్ధతి ఎన్నాళ్లకు ఒకసారి ఆ మట్టం కిందికి పడుతుందని లెక్కవేశారు. కంది ఒక్కటే వేస్తే ఐదేళ్లకు ఒకసారి పడింది. జొన్న ఒక్కటే వేస్తే ఎనిమిదేళ్లకు ఒకసారి. రెండూ కలిపి వేస్తే 36 ఏళ్లకు ఒకసారి. ముందు కురిసిన వానకు జొన్న పండుతుంది, వెనక వచ్చిన పదునుకు కంది పండుతుంది. ఒకదానికి తెగులు వస్తే రెండోది ఆ ఖాళీలోకి విస్తరిస్తుంది. కొర్రలో కంది సాళ్లు వేసే ఈ సీమ పద్ధతిలోనూ ఉన్నది ఈ లెక్కే. ఒక్క రకంతో జిల్లా అంతా నింపడం వల్ల వచ్చే ముప్పు కూడా దీని వెలుగులోనే అర్థమవుతుంది. ఒక రకం ఎంత నిలకడైనదైనా, దానికి లొంగని కొత్త తెగులు ఒకటి పుడితే అన్ని చేలూ ఒకేసారి గీత దాటి దూకుతాయి. పొలంలో వేడి, నీటి ఎద్దడి కలిసినప్పుడు ముదిరే ఎండు వేరుకుళ్లు తెగులు మీద శాస్త్రవేత్తలు ఇప్పుడు కన్నేసి ఉంచడానికి కారణం ఇదే.

ఎంచుకోవడానికి ఇప్పుడు రకాలకు కొదవ లేదు. నంద్యాల నుంచి వచ్చిన నంద్యాల శనగ 1 ఉంది, యంత్రంతో కోయడానికి వీలుగా నిటారుగా పెరిగే ధీర ఉంది. వీటిలో ఏది తన చేనుకు నిలకడైనదో రైతు తానే చూసుకోవచ్చు, పెద్ద ఖర్చు కాదు. ఒకే చేలో నేల వాలుకు అడ్డంగా కాక, ఎగువ నుంచి దిగువకు పోయేలా రెండు రకాలను పక్కపక్కన పట్టీలుగా విత్తాలి. అప్పుడు పలచటి నేల, లోతు నేల రెండూ రెండు రకాలకూ సమానంగా పడతాయి. ఎగువ భాగం గింజను, దిగువ భాగం గింజను కలపకుండా విడిగా తూచాలి. విత్తిన తేదీ, ఆ తర్వాత పడిన వాన, మొదటి పూత కనిపించిన రోజు ఒక పుస్తకంలో రాసుకోవాలి. ఒక ఏడాది చూసి తీర్పు చెప్పకూడదు, కనీసం ఒక బక్క ఏడు వచ్చేదాకా ఆ పట్టీలను ఏటా వేస్తూ పోవాలి. ఊళ్లో పదిమంది ఇదే పని వేర్వేరు నేలల్లో చేసి తూకాలు ఒక చోట చేర్చితే, ఫిన్లే, విల్కిన్సన్ గీసిన గీతను ఆలూరు నేలల కోసం అక్కడి పంచాయతీ ఆఫీసు గోడ మీదే గీయవచ్చు.